సొరంగ మార్గాన వెలుపలికి వచ్చే సర్వరు

వెబ్‌సైటును నిర్మించేవారు మొదట దానిని తమ కంప్యూటరులోనే నడిపి చూసుకుంటారు. అప్పుడు దాని చిరునామా 127.0.0.1. ప్రతి కంప్యూటరూ తనను తాను పిలుచుకొనే సంఖ్య ఇది. కనుక ఆ సైటు పక్క గదిలోని వారికి సైతం కనిపించదు. కాని సొమ్ము ముట్టినదని చెల్లింపుల సంస్థ పంపే వర్తమానం సైటుకు చేరుతున్నదో లేదో పరీక్షించవలసి వస్తే, బయటినుండి లోపలికి దారి కావాలి.

ఆ దారి లేకపోవడానికి ముఖ్య కారణం చిరునామాల కరువు. ఇంటర్నెట్ నాలుగవ కూర్పులోని చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో అడుగంటినది. ఈ కరువును ముందే గ్రహించి, ఇళ్లలోని, కళాశాలలలోని యంత్రాలకు 192.168తో మొదలయ్యే ఆంతరంగిక సంఖ్యలను ఇచ్చి, అన్నింటినీ ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచడం 1990ల నుండి పరిపాటి అయినది. లోపలినుండి వెళ్లిన పిలుపుకు జవాబు తిరిగి వస్తుంది. బయటినుండి తనంతట తాను వచ్చిన పిలుపు మాత్రం సాధారణంగా రౌటరు వద్దనే ఆగిపోతుంది.

సొరంగ పద్ధతి ఈ నియమాన్ని అతిక్రమించదు, దానినే వాడుకుంటుంది. కంప్యూటరులోని ఒక చిన్న ప్రోగ్రాము, బహిరంగ చిరునామా గల బయటి సర్వరును తానే పిలిచి, ఆ సంబంధాన్ని తెగకుండా నిలుపుతుంది. సందర్శకుని అభ్యర్థన ఆ సంబంధం వెంటనే లోపలికి వస్తుంది. జవాబూ అదే దారిన పోతుంది. 1995లో ఫిన్లాండులో పుట్టిన ఎస్ఎస్‌హెచ్‌లోనూ, 2013లో వెలువడిన ఎన్‌గ్రాక్‌లోనూ పని జరిగే తీరు ఇదే.

చిక్కంతా నమ్మకంలో ఉన్నది. 127.0.0.1 నుండి వచ్చిన అభ్యర్థన తమదేనని భావించి, సంకేతపదం అడగకుండానే నిర్వాహక పేజీలను తెరిచే సైట్లు ఉన్నవి. సొరంగం గుండా వచ్చిన అపరిచితుని అభ్యర్థనను చివరి మజిలీలో సర్వరుకు అందించేది ఆ చిన్న ప్రోగ్రామే గనుక, సర్వరుకు అది ఇంటి మనిషి గొంతులాగే వినిపిస్తుంది. పైగా నిర్మాణ దశలోని సైటు, దోషం తటస్థించినపుడు తన మూల రచనను కూడా చూపుతుంది. పైథాన్ భాషకు చెందిన ఫ్లాస్క్‌లో దోషశోధన పేజీనుండి ఆజ్ఞలు సైతం నడపవచ్చు. దానికి ఒక పిన్ సంఖ్య మాత్రమే కాపలా. నేర్చుకొనేవారు తరచు విస్మరించేది ఇదే.

అందుచేత సొరంగపు ముఖద్వారం వద్దనే సంకేతపదం ఉంచాలి, దోషశోధనను ఆపివేయాలి, నిజమైన వ్యక్తుల వివరాలకు బదులు కల్పిత వివరాలతో పరీక్షించాలి. అనేక సేవలలో గుప్తలేఖనం బయటి సర్వరు వద్దనే విప్పబడుతుంది గనుక, దానిని నడిపేవారు కోరితే అందులోని విషయం చదవగలరు. పరీక్ష ముగియగానే ప్రోగ్రామును ఆపితే లోపలికి దారి మూసుకుపోతుంది.