కండ అదిరితే గుండె అదరనక్కరలేదు

కనురెప్ప అదరడం, పిక్కలో పురుగు పాకినట్లు కదలడం, బొటనవ్రేలి మొదట్లోని కండ ఉండి ఉండి కొట్టుకోవడం – ఇవి ఎన్నడూ ఎరుగని గృహస్థులు అరుదు. వాడుకలో దీనిని 'నరం కొట్టుకుంటోంది' అంటారు. నిజానికి కొట్టుకొనేది నరం కాదు, కండలోని కొన్ని పోగులు. పూర్వం దీనిని శకునంగా భావించేవారు. పురుషునికి కుడికన్ను, స్త్రీకి ఎడమకన్ను అదిరితే శుభమని ఇప్పటికీ మన ఇళ్లలో పెద్దవారు అంటూనే ఉంటారు. అశోకవనంలో సీతమ్మవారికి ఎడమకన్ను అదరడం శుభసూచకమైనట్లు సుందరకాండలో ఉన్నది. ఆమెకు ఆశ కలిగించిన ఆ అదురే, ఈనాడు నా వద్దకు వచ్చే కొందరు రోగులకు మరణభయం కలిగిస్తున్నది. నెలల తరబడి, ఏండ్ల తరబడి ఒంట్లో ఎక్కడో ఒకచోట కండ అదురుతూ ఉండి, ఏ పరీక్షలోనూ దోషం కనిపించని వారిని గురించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆయుర్వేదంలో ఈ అదురును స్ఫురణమని, స్పందనమని అంటారు. శరీరంలోని చలనమంతా వాయువు పని. అందునా అవయవాలను కదిలించడం, రెప్పలు వేయించడం వ్యానవాయువు బాధ్యత. సుశ్రుతుడు త్వక్కును ఆశ్రయించిన వాతానికి చెప్పిన లక్షణాలలో స్ఫురణం ఒకటి. చరకసంహిత సూత్రస్థానం 20వ అధ్యాయంలో 80 వాతవికారాల పట్టిక ఉన్నది. అయితే స్ఫురణం వేరు, చేతులు వణికే కంపం వేరు, ఒళ్లు కొట్టుకొనే ఆక్షేపకం వేరు. స్ఫురణంలో కండ కదులుతుంది గాని సాధారణంగా కీలు కదలదు, పట్టు తప్పదు, పని ఆగదు. ఈ భేదాన్ని రోగి మొట్టమొదట గ్రహించాలి.

వాతప్రకోపానికి శాస్త్రం చెప్పిన కారణాలు రూక్షాహారం, ఉపవాసం, రాత్రి జాగరణ, అతివ్యాయామం, మలమూత్రాది వేగాలను ఆపుకోవడం. వాటితోపాటు చింత, శోకం, భయం. ఈ చివరి మూడింటిని చాలామంది పైపైన చదివి వదలివేస్తారు. భయం వల్ల జ్వరం, భయం వల్ల అతిసారం కలుగుతాయని మన గ్రంథాలు వేరుగా పేర్కొన్నాయి. మనస్సులోని కలత శరీరంలో వ్యాధిలక్షణంగా బయటపడుతుందన్న సంగతి మన వైద్యానికి కొత్తది కాదు.

ఆధునిక వైద్యులు దీనినే ఫ్యాసిక్యులేషన్ అంటారు. నరం కొస ఎవరి ప్రేరణా లేకుండా తనంతట తాను ఉత్తేజితమైతే, దాని అధీనంలోని పోగుల గుంపు ఒక్కసారి ముడుచుకొంటుంది. అలసట, నిద్రలేమి, కాఫీ టీలు, జ్వరం తరువాతి నిస్సత్తువ, థైరాయిడ్ అతిగా పనిచేయడం, మెగ్నీషియం కాల్షియం లోపాలు, ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులు ఇందుకు కారణం కావచ్చు. మన పల్లెలను ఉద్దేశించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. చేలో పురుగుమందు చల్లివచ్చిన మనిషికి కండలు అదరుతూ, చొంగ కారుతూ, చెమటలు పోస్తూ, కంటిపాప చిన్నదైతే అది విషలక్షణం. అక్కడ కషాయాలతో కాలయాపన చేయరాదు. మందు అంటిన బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఇక భయం ఎక్కడ నుండి వస్తున్నదో చూద్దాం. మోటార్ న్యూరాన్ వ్యాధి అని ఒకటున్నది. 1963లో స్టీఫెన్ హాకింగ్‌కు నిర్ధారణ అయినది అదే. అందులోనూ కండలు అదరుతాయి. ఈ ఒక్క పోలికను పట్టుకొని, సెల్‌ఫోనులో రాత్రి రెండు గంటల వరకు చదివి, తెల్లవారేసరికి తనకు ఆ జబ్బే వచ్చిందని నిశ్చయించుకొనేవారు ఎక్కువయ్యారు. కాని ఆ వ్యాధిలో ప్రధానమైనది అదురు కాదు, బలహీనత. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, తాళంచెవి త్రిప్పలేకపోవడం, పాదం జారిపోయి చెప్పు ఊడిపోవడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం, కండ కంటికి కనిపించేటంతగా కరిగిపోవడం – ఇవి ఉంటే, అదురున్నా లేకున్నా నరాల వైద్యుని తప్పక కలవాలి. ఇవేవీ లేక అదురు మాత్రమే ఉన్నవారి సంగతి వేరు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అటువంటి 121 మందిని 2 నుండి 32 సంవత్సరాల వరకు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఒక్కరికీ ఆ వ్యాధి రాలేదు. విశేషమేమంటే ఈ భయం వైద్యులనూ వదలలేదు. అదురు చూసుకొని బెదరిపోయే వైద్యుల స్థితికి 2013లో ఒక వైద్యపత్రికలో ప్రత్యేకంగా పేరే పెట్టారు.

నా వద్దకు వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి విషయం చెబుతాను. వయస్సు 41. ఎడమ పిక్క 14 నెలలుగా అదురుతున్నది. ముగ్గురు నరాల వైద్యులు చూశారు. సన్నని సూదిని కండలోనికి పంపి విద్యుత్ సంచలనాన్ని గుర్తించే పరీక్ష రెండు పర్యాయాలు జరిగింది. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆయన మాత్రం రోజూ ఉదయం దర్జీ టేపుతో రెండు పిక్కలూ కొలిచి చీటీ మీద వ్రాసుకొంటున్నాడు. రెండింటికీ కొద్ది తేడా ఉండటం మనుష్యులలో సర్వసాధారణమని ఎవరు చెప్పినా వినడు. బలం తగ్గిందేమోనని మునివేళ్ల మీద 50 సార్లు లేస్తాడు; దానితో అలసిన పిక్క మరింత అదురుతుంది; ఆ అదురు చూసి మరింత బెదురుతాడు. ఇంటికి పునాదులు తీసి, 'నేనుండను, అప్పెవరు తీరుస్తారు' అని పని ఆపివేశాడు. భార్యతో 'ఇది సన్నబడిందా చూడు' అని రోజుకు పదిసార్లు అడుగుతాడు. ఆమె పదిసార్లూ 'లేదండీ' అంటుంది. ఆ మాట గంటసేపు పనిచేస్తుంది, తరువాత మళ్లీ కావాలి.

రోగి స్థితి ఇదైనప్పుడు ఓదార్పు మందు కాదు, మత్తు. తిన్నకొద్దీ ఇంకా కావాలనిపిస్తుంది. అందుచేత నేను ఆయనను ఒక్కసారి ఆపాదమస్తకం పరీక్షించి, పాత కాగితాలన్నీ చదివి, నా నిర్ణయం స్పష్టంగా చెప్పాను. రెండవ రాకలో 'డాక్టరుగారూ, ఒక్కసారి పిక్క పట్టి చూడండి' అన్నాడు. 'చూడను నాయనా' అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. భార్య నావైపు కోపంగానే చూసింది. మా గురుకులంలో మా గురువుగారు పరీక్ష ముగిశాక రోగి బలవంతం మీద మళ్లీ నాడి పట్టేవారు కాదు. ఆ పద్ధతిని నేను వదులుకోలేదు.

చరకుడు చెప్పిన మూడు విధాల చికిత్సలలో సత్త్వావజయం ఒకటి. అహితమైన విషయాల నుండి మనస్సును మరల్చి నిగ్రహించడమే అది. పై రోగికి ఆ చికిత్స ఇలా సాగింది. టేపు భార్య బీరువాలో పెట్టింది. 'సన్నబడిందా' అని అడిగితే ఆమె 'ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పకూడదండీ' అని మాత్రమే అనాలి, చిరాకు పడకూడదు. జబ్బుల గురించి చదవడం పూర్తిగా మానాలి. రోజూ సాయంత్రం 6 గంటలకు ఒక పావుగంట మాత్రం భయాన్ని కాగితం మీద వ్రాసుకోవచ్చు. మిగతా వేళ భయం వస్తే 'సాయంత్రం చూద్దాం' అని వాయిదా వేయాలి. అదురు వచ్చినప్పుడు దానిని పట్టి చూడక, ఆపాలని ప్రయత్నించక, చేతిలోని పని కొనసాగించాలి. మొదటి పదిరోజులు ఆయనకు నరకమే అయింది. మూడవ నెలలో పునాదులలోకి రాయి దింపాడు. పిక్క అప్పటికీ అదురుతూనే ఉన్నది, ఇప్పుడూ అప్పుడప్పుడు అదురుతుంది. కొందరికి ఇది పూర్తిగా పోదు, తగ్గుతూ హెచ్చుతూ ఉంటుంది. పూర్తిగా పోతేనే బ్రతుకుతానని కూర్చున్నవారు ఎక్కువ బాధపడుతున్నారు. ఈ విధంగా కూడా భయం తగ్గక నిద్రాహారాలు చెడితే మానసిక వైద్యుని సంప్రదించడంలో నామోషీ లేదు.

'నరాల బలహీనత' అని భయపెట్టి సీసాలు అమ్మేవారిని నమ్మకండి. ఈ అదురు నరాలు చచ్చుబడటం వల్ల కలిగినది కాదు.

ఇంట్లో చేసుకోదగినవి కొన్ని. కాఫీ, టీ మధ్యాహ్నం తరువాత మానండి. సాయంత్రం 4 గంటలకు త్రాగిన కాఫీలోని ఉత్తేజక ద్రవ్యం చాలామందిలో రాత్రి 9 గంటలకు కూడా సుమారు సగం మిగిలి ఉంటుంది. వేళకు భోజనం, వేడి అన్నంలో చెంచాడు నేయి, ఆకుకూరలు, నువ్వులు, రాగిజావ మంచివి. ఎండాకాలంలో చెమట ఎక్కువగా పోసేవారు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ త్రాగాలి. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు విషయం తమ వైద్యుని అడగాలి. రాత్రి గోరువెచ్చని పాలలో అరచెంచా అశ్వగంధ చూర్ణం కలిపి త్రాగితే నిద్రకు సహకరిస్తుంది. గర్భిణులు, థైరాయిడ్ లేదా కాలేయవ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు దీనిని తమంతట తాము తీసుకోరాదు. ఇది అదురును మాన్పుతుందని నేను చెప్పడం లేదు.

అభ్యంగనం వాతానికి ప్రధాన చికిత్స. వారానికి రెండుమూడు రోజులు నువ్వులనూనె గోరువెచ్చగా చేసి, పరగడుపున, పాదాలు, పిక్కలు, భుజాలు, మాడుకు పావుగంట సేపు మృదువుగా మర్దించి, అరగంట ఆగి వేడినీళ్ల స్నానం చేయాలి. జ్వరం, అజీర్ణం, జలుబు ఉన్నప్పుడు పనికిరాదు. తలకు నూనె పడనివారు అరికాళ్లకు మాత్రం రాత్రి పడుకోబోయే ముందు రాసుకొన్నా చాలు. మర్దన చేసేటప్పుడు పిక్క గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అని వేళ్లతో వెతకవద్దు. అవసరమైతే ఆ పని ఇంట్లో మరొకరిచేత చేయించుకొని, కళ్లు మూసుకొని కూర్చోండి.