ప్రేగులలోని జిగురు కవచం

నూజివీడు మామిడి సీమలో, ఉంగుటూరు పరిసర గ్రామాలలో కాయలు కోసే రైతు తొడిమను కొంత మిగిల్చి కోస్తాడు. తొడిమ మొదలంటా తెగితే సొన చిమ్ముతుంది. అది పడినచోట తొక్క నల్లబడి కాయ విలువ తగ్గుతుంది. కోతవేళ ఇంత చికాకు కలిగించే సొనయే చెట్టున ఉన్నంతకాలం కాయకు రక్ష. తొక్కను తొలిచి గుడ్లు పెట్టవచ్చిన పండు ఈగను అది అడ్డగిస్తుంది. లోపలి మెత్తని గుజ్జును కాపాడటానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. మానవ దేహంలోనూ ఇటువంటి ఏర్పాటు ఒకటి ఉంది. అదే ప్రేగుల గోడను కప్పి ఉండే శ్లేష్మపు పొర.

శ్లేష్మం అనగానే మనకు జలుబు, దగ్గు గుర్తుకు వస్తాయి. దానిని మలినంగా భావించి ఏవగించుకుంటాము. కాని ప్రేగులలో అది చేసే సేవను గ్రహిస్తే ఈ భావన మారక తప్పదు. ప్రేగులకు పరస్పర విరుద్ధమైన రెండు బాధ్యతలున్నాయి. ఆహారసారాన్ని లోనికి రానివ్వాలి. దానితో కలిసి వచ్చే రోగకారక జీవులను రానివ్వరాదు. చర్మం వలె అనేక వరుసల కణాలతో గోడ మందంగా ఉంటే ఆహారసారం రక్తంలో చేరదు. అందుచేత సుమారు ఆరు మీటర్ల పొడవుగల చిన్నప్రేవు లోపలి గోడను ఒకే ఒక వరుస కణాలు కప్పి ఉంటాయి. ఇంత సున్నితమైన గోడకు కావలిగా నిలిచేది శ్లేష్మమే.

ఈ కణాల నడుమ అక్కడక్కడ పానపాత్ర ఆకారంలో గోబ్లెట్ కణాలు ఉంటాయి. ఇవి మ్యూసిన్ అనే పదార్థాన్ని స్రవిస్తాయి. మ్యూసిన్ ఒక మాంసకృత్తు. దానికి దట్టంగా చక్కెర శృంఖలాలు అతికి ఉంటాయి. అది నీటిని పీల్చుకొని ఉబ్బి, వలవలె అల్లుకొని జిగురుగా మారుతుంది. పెద్దప్రేవులో ఈ జిగురు రెండు పొరలుగా ఉంటుందని, బయటి పొరలో సూక్ష్మజీవులు నివసించినా లోపలి పొరలో అవి దాదాపు ఉండవని 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. చిన్నప్రేవులో ఉన్నది ఒకే పొర. ఆహారసారం లోనికి పోవలసిన చోటు కాబట్టి అది వదులుగా ఉంటుంది.

వైరస్ తనంత తాను బ్రతకజాలదు. ఏదో ఒక కణంలో ప్రవేశించి, దాని యంత్రాంగాన్ని వశపరచుకొని వృద్ధి చెందుతుంది. కణంలో ప్రవేశించాలంటే ముందుగా దాని ఉపరితలాన్ని పట్టుకోవాలి. అనేక వైరస్‌లు అక్కడి చక్కెర శృంఖలాలనే పట్టుకొంటాయి. మ్యూసిన్‌కు కూడా అటువంటి శృంఖలాలే ఉన్నందున కొన్ని వైరస్‌లు దానినే కణమని భ్రమించి అతుక్కొంటాయి. ప్రేగుల కదలికతో జిగురు ముందుకు జరిగినప్పుడు దానిలో చిక్కిన శత్రువు కూడా బయటికి కొట్టుకొనిపోతుంది. ఇగ-ఎ అనే ప్రతిరక్షకాలు ఈ జిగురులో చేరి వైరస్‌లను చుట్టుముడతాయి. ఖర్చయిన శ్లేష్మం స్థానంలో కొత్త శ్లేష్మం ఎప్పటికప్పుడు ఊరుతూనే ఉంటుంది. తాను తరిగిపోతూ దేహాన్ని కాపాడటమే దీని విశిష్టత.

అయితే ఈ కవచం అభేద్యమైనది కాదు. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్, ఆమె సహచరులు విరేచనాలతో బాధపడుతున్న శిశువుల ప్రేగు కణాలలో ఒక వైరస్‌ను కనుగొన్నారు. చక్రాకారంలో ఉండటం వలన దానికి రోటావైరస్ అనే పేరు వచ్చింది. మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా మించని ఈ సూక్ష్మాణువు చిన్నప్రేవు కణాలను నాశనం చేస్తుంది. దేహంలోని నీరు, లవణాలు విరేచనాల రూపంలో పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2013లో ఐదేండ్లలోపు పిల్లలు సుమారు 2,15,000 మంది దీనివలన మరణించారు. వారిలో ఐదవ వంతుకు పైగా మన దేశపు పిల్లలే.

శిశువు స్వంత రక్షణ బలపడేవరకు తల్లి తన రక్షణను పంచి ఇస్తుంది. ప్రసవానంతరం తొలుత వచ్చే ముర్రుపాలలో ఇగ-ఎ ప్రతిరక్షకాలు సమృద్ధిగా ఉంటాయి. అవి శిశువు ప్రేగులలో కాపలా కాస్తాయి. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయడం బిడ్డ కవచాన్ని పారబోయడమే.

రెండవ రక్షణ టీకా. 1980వ దశకంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఎం.కె. భాన్, ఆయన సహచరులు ఒక వింతను గమనించారు. కొందరు నవజాత శిశువులకు రోటావైరస్ సోకినా జబ్బు చేయలేదు. పైగా తరువాత తీవ్రవ్యాధి నుండి వారికి రక్షణ లభించింది. ఆ బలహీనమైన వైరస్ నుండే హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, ప్రభుత్వ, విదేశీ సంస్థల సహకారంతో రోటావాక్ టీకాను రూపొందించింది. అది 2015లో విడుదలయింది. 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఈ రక్షణను మొదట అందుకొన్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ టీకాను సూదితో గాక నోటి ద్వారా వేస్తారు. శత్రువు వచ్చే దారిలోనే, ప్రేగుల గోడ వద్దనే ప్రతిరక్షకాలు తయారు కావాలన్నది దీని ఉద్దేశం. ప్రయోగాలలో ఇది మొదటి సంవత్సరంలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించింది.

దీనిని బట్టి టీకా వేయించినంత మాత్రాన జాగ్రత్త విడువరాదని తెలుస్తుంది. విరేచనాలవుతున్నప్పుడు పాలు, నీరు మాన్పించడం ప్రమాదకరం. తల్లిపాలు కొనసాగిస్తూ, ఓ.ఆర్.ఎస్. ద్రావణాన్ని పట్టిస్తూ, వైద్యుని సంప్రదించాలి. పెద్దలు ఆహారంలో పీచు తగ్గకుండా చూసుకోవాలి. పీచు కరవైనప్పుడు ప్రేగులలోని సూక్ష్మజీవులు శ్లేష్మపు పొరనే తిని పలచబరుస్తాయని 2016లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో తేలింది. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, పీచుగల నూజివీడు రసాలు మనకు అందుబాటులో ఉన్నవే.

ప్రకృతి ఇచ్చిన జిగురు పొర, తల్లి ఇచ్చిన పాలు, శాస్త్రం ఇచ్చిన చుక్కల మందు – ఈ మూడింటిలో ఏ ఒక్కటీ తక్కిన రెండింటికి బదులు కాజాలదు. చదువుకొన్న యువతీయువకులు ఈ విషయాన్ని తమ ఇంటిలోని, ఇరుగుపొరుగులోని తల్లులకు తెలియజెప్పాలి. ఆ మాట సకాలంలో చేరిన ఇంట ఒక పసిప్రాణం నిలువవచ్చు.

ప్రశ్నలు

1. చిన్నప్రేవు గోడ ఒకే వరుస కణాలతో ఏర్పడటానికి కారణమేమి?
2. శ్లేష్మపు పొర వైరస్‌లను ఎట్లు అడ్డగిస్తుందో వివరించండి.
3. రోటావైరస్ టీకాను నోటి ద్వారా ఎందుకు వేస్తారు?