చెడు కబురు వినగలిగే నాయకత్వం

సంస్థ ఆరోగ్యం లాభనష్టాల లెక్కల కన్నా ముందు అక్కడి మాటల్లో బయటపడుతుంది. కింద జరుగుతున్నది పైవారికి ఉన్నదున్నట్టు చేరాలి. పైవారి ఉద్దేశం కిందివరకూ ఒకే అర్థంతో అందాలి. ఈ రెండు దారులనూ తెరిచి ఉంచడం నాయకుడి మొదటి బాధ్యత.

అమెరికాలోని ఫోర్డ్ మోటార్ కంపెనీ అనుభవం దీన్ని స్పష్టంగా చూపుతుంది. 2006 సెప్టెంబరులో బోయింగ్ నుంచి వచ్చిన అలన్ ములాలీ ఫోర్డ్ సీఈఓ అయ్యారు. ఆ ఏడాది కంపెనీ నష్టం 1,200 కోట్ల డాలర్లు దాటింది. ఆయన ప్రతి గురువారం ముఖ్య అధికారులందరితో సమీక్ష మొదలుపెట్టారు. పని సజావుగా సాగుతుంటే ఆకుపచ్చ, చిక్కు వచ్చినా సరిదిద్దే దారి దొరికితే పసుపు, దారి తోచకపోతే ఎరుపు రంగు చూపాలన్నది నియమం. తొలి సమీక్షల్లో పట్టికలన్నీ ఆకుపచ్చగానే వచ్చాయి. ఇంత నష్టంలో ఉన్న కంపెనీలో బాగా లేనిది ఒక్కటీ లేదా అని ములాలీ అడగవలసి వచ్చింది.

చివరకు మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి ధైర్యం చేశారు. కొత్త ఎడ్జ్ కారులో లోపం వల్ల విడుదల ఆపామని ఎరుపు రంగుతో చూపారు. అందరూ మందలింపు తప్పదనుకున్నారు. ములాలీ మాత్రం చప్పట్లు కొట్టి, ఈ విషయంలో ఎవరు సాయపడగలరని అడిగారు. ఇతర విభాగాల వారు ముందుకొచ్చారు. తర్వాతి వారాల్లో మిగతావారి పట్టికల్లోనూ నిజమైన రంగులు కనిపించాయి.

2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా ప్రక్రియలోకి వెళ్లినా ఫోర్డ్ ఆ అవసరం లేకుండా నిలబడి, అదే ఏడాది లాభాల్లోకి వచ్చింది. 2006 చివర్లో సమకూర్చుకున్న భారీ రుణం అందుకు ఎంతో తోడ్పడింది. అయితే ఆ సొమ్మును ఎక్కడ వెచ్చించాలో తెలియాలంటే ముందు లోపం ఎక్కడుందో తెలియాలి. ఆ సమాచారాన్ని తెచ్చిపెట్టింది గురువారం సమీక్షలే.

ఇందులో మూడు అలవాట్లు గ్రహించవచ్చు. మొదటిది, చెడు కబురు తెచ్చినవారిని ఆదరించడం. వారిపై విరుచుకుపడిన మర్నాటి నుంచి నాయకుడి చెవిన పడేవన్నీ మంచి కబుర్లే. రెండోది, సంస్థ లక్ష్యాన్ని విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చెప్పడం. ములాలీ ‘వన్ ఫోర్డ్’ అనే ప్రణాళికను చిన్న కార్డులపై అచ్చు వేయించి ఉద్యోగులకు అందించారు. ఒకసారి చెప్పిన మాట సమాచారంగా మిగులుతుంది, పదేపదే చెప్పిన మాట నడవడికగా మారుతుంది. మూడోది, సమావేశం ముగిసేలోగా ఏం నిర్ణయించారో, ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో అందరి ముందూ పైకి చెప్పడం. అప్పుడు బయటికెళ్లాక తలో మాట చెప్పే అవకాశం ఉండదు.

ఈ అలవాట్లకు పెద్ద కంపెనీ, పెద్ద పదవి అక్కర్లేదు. నలుగురితో నడిచే దుకాణంలోనైనా, చిన్న కార్యాలయంలోనైనా ఇవి సాధ్యమే. ఎవరైనా సమస్యతో వచ్చినప్పుడు నాయకుడు ముందు కృతజ్ఞత చెప్పాలి, తర్వాతే కారణం అడగాలి. నిజం చెప్పడానికి జంకని బృందమే సకాలంలో తప్పు దిద్దుకోగలుగుతుంది.