పరుగెత్తే పేలుడును నిలబెట్టడం ఎట్లా?



పేలుడు అనగానే మనకు దీపావళి టపాకాయ గాని, రాతి క్వారీలో పెట్టే మందు గాని గుర్తుకొస్తుంది. ఒక్కసారి ఢామ్మంటుంది, అయిపోతుంది. మరి ఆ పేలుడును ఇంజను లోపల ఒకే చోట, దీపం పెట్టినట్టు ఆరకుండా నిలపగలమా? 2021లో అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 3 సెకన్లు నిలిపినట్టు ప్రకటించారు. మూడు సెకన్లేనా అని నవ్వకండి. అందులో ఉన్న కష్టం ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

1. మంట వేరు, పేలుడు అల వేరు

పొయ్యిలో మంట ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు మెల్లగా పాకుతుంది. వేడి పక్కకు చేరాలి, పక్క పుల్ల వేడెక్కాలి, అప్పుడు అది అంటుకోవాలి. గ్యాసులో కూడా మామూలు మంట ఇట్లాగే పాకుతుంది.

పేలుడు అల అట్లా కాదు. దాని ముందు భాగాన్ని షాక్ అల అంటారు. అది ధ్వని కంటే వేగంగా పోతూ ఎదురున్న గ్యాసును ఒక్క దెబ్బతో నొక్కేస్తుంది. సైకిలుకు గాలి కొడితే పంపు అడుగు భాగం వేడెక్కుతుంది కదా! గాలిని నొక్కితే వేడి పుడుతుంది. షాక్ అల నొక్కుడుకు గ్యాసు ఎంత వేడెక్కుతుందంటే, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. అంటుకున్న గ్యాసు వ్యాకోచించి వెనక నుంచి షాక్ అలను మళ్ళీ తోస్తుంది. ముందుది నొక్కుతుంది, వెనకది తోస్తుంది, రెండూ కలిసి పరుగెత్తుతాయి. దీన్నే డిటొనేషన్ అంటారు.

హైడ్రోజనును గాలితో సరిపాళ్ళలో కలిపితే ఈ అల సెకనుకు సుమారు 2,000 మీటర్లు పోతుంది. అది దాటిన చోట పీడనం సుమారు 15 రెట్లవుతుంది.

2. గనుల నుంచి ఇంజనుకు

ఈ అలను 1881-82లో ఫ్రాన్సులో గొట్టాల్లో గ్యాసు మండించి కనిపెట్టారు. బెర్తెలో, వియేల్ ఒక జట్టు. మల్లార్, లె షాటెలియే ఇంకో జట్టు. రసాయనశాస్త్రంలో లె షాటెలియే నియమం ఉంది కదా, ఆ శాస్త్రవేత్తే ఈయన. మల్లార్, లె షాటెలియే గనుల ఇంజనీర్లు. బొగ్గు గనుల్లో మండే గ్యాసు అంటుకుని కూలీలు చనిపోతుంటే, ఆ మంట ఎట్లా పాకుతుందో తెలుసుకోవాలని పరిశీలించారు. అంటే ఈ విద్య మొదట ప్రాణాలు కాపాడటానికి మొదలైంది.

1940లో రష్యా శాస్త్రవేత్త జెల్డోవిచ్ ఇంకో మాట చెప్పాడు. మామూలు మంటలో పీడనం పెరగదు. పేలుడు అలలో పెరుగుతుంది. కాబట్టి అదే ఇంధనం నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు అని ఆయన లెక్క.

3. అంత వేగం ఎందుకు?

ధ్వని వేగం నేల దగ్గర సెకనుకు సుమారు 340 మీటర్లు. దానికి ఐదు రెట్లు దాటితే హైపర్‌సోనిక్ అంటారు. అంటే సెకనుకు 1,700 మీటర్లు. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతే 5 నిమిషాల ప్రయాణం!

చిక్కు ఎక్కడుందంటే, అంత వేగంగా దూసుకొచ్చే గాలి మీటరు పొడవున్న ఇంజనును సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా దాటిపోతుంది. ఆ లోపలే ఇంధనం కలవాలి, అంటుకోవాలి, మండాలి. తుపాను గాలిలో అగ్గిపుల్ల వెలిగించి పట్టుకున్నట్టే. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. శాస్త్రవేత్తలు 2025 ఏప్రిల్ 25న స్క్రామ్‌జెట్ అనే ఇంజను దహన గదిని నేల మీద 1,000 సెకన్లకు పైగా మండించి చూశారు. అందులో ఉండేది పేలుడు అల కాదు, మంటే. అయినా కష్టం ఒకటే. పేలుడు అల అయితే అతి తక్కువ చోటులోనే మండించేస్తుంది, ఇంజను పొట్టిగా ఉన్నా చాలు. కానీ అది పరుగెత్తి పారిపోతుంది కదా!

4. వాగులో రాయి

వాగులో నీళ్ళు జోరుగా పోతున్నప్పుడు బండరాయి దగ్గర ఒక అల లేచి అక్కడే నిలబడి ఉండటం చూసే ఉంటారు. నీళ్ళు పోతూనే ఉంటాయి, అల మాత్రం కదలదు. ఎందుకంటే అల ఎదురెక్కే వేగం, నీళ్ళు దాన్ని కిందికి లాగే వేగం సమానం.

పేలుడు అలకూ ఇదే ఉపాయం. ఆపవద్దు, ఎదురుగా గాలిని పంపాలి. ఇంధనం కలిసిన గాలి ఎదురొస్తుంటే అల పరుగెత్తుతూనే ఉన్నచోట ఉంటుంది. ఫ్లోరిడాలో బండరాయికి బదులు 30 డిగ్రీల వాలు దిమ్మెను పెట్టారు. హైడ్రోజను కలిపిన వేడి గాలిని ధ్వనికి ఎన్నో రెట్ల వేగంతో దాని మీదికి వదిలారు. అల ఆ వాలు మీద ఏటవాలుగా నిలబడ్డది. సెకనుకు 2 కి.మీ. చొప్పున వదిలేస్తే 3 సెకన్లలో 6 కి.మీ. పోవలసిన అల, ఉన్నచోటే ఉంది!

అల ఏటవాలుగా ఎందుకు? పదో తరగతి లెక్కే చాలు. అలకూ గాలికీ మధ్య కోణం θ అనుకోండి.

సైన్ θ = అల వేగం ÷ గాలి వేగం

గాలి వేగం 4,000, అల వేగం 2,000 అయితే సైన్ θ = 1/2, కోణం 30 డిగ్రీలు. (ఇది అల కోణం. పైన చెప్పింది దిమ్మె వాలు. రెండూ ఒకటి కాదు.) గాలి వేగం 2,000కు తగ్గితే కోణం 90, అల నిటారుగా నిలుస్తుంది. ఇంకా తగ్గితే? సైన్ విలువ 1 దాటదు. అంటే అల నిలవదు, ఇంధన గొట్టం వైపు ఎదురెక్కుతుంది. అది ప్రమాదం. ఇంధనం పాలు తగ్గిస్తే అల వేగం తగ్గుతుంది, అట్లా కొంత సర్దుకోవచ్చు. దిమ్మె వాలు కూడా సరిపోవాలి. వాలు చాలకపోతే పేలుడు పుట్టదు, ఎక్కువైతే అల దిమ్మెను వదిలి ముందుకు పోతుంది.

5. గుంజ చుట్టూ ఎడ్లు

ఇంకో ఉపాయం ఉంది. కల్లంలో నూర్చేటప్పుడు ఎడ్లు గుంజ చుట్టూ తిరుగుతాయి. మనం పనలు వేస్తూ ఉంటే ప్రతి చుట్టులోనూ వాటి కాళ్ళ కిందికి కొత్త పన వస్తుంది. అట్లాగే ఉంగరం లాంటి గదిలో పేలుడు అలను గుండ్రంగా తిప్పుతారు. అది తిరిగొచ్చే లోపల కొత్త ఇంధనం నింపుతారు.

జపాను శాస్త్రవేత్తలు 2021 జూలై 27న ఇట్లాంటి ఇంజనును రాకెట్టులో పైకి పంపి అంతరిక్షంలో 6 సెకన్లు నడిపారు. దాని తోపుడు బలం సుమారు 500 న్యూటన్లు. మన స్టోర్ రూములోని 50 కిలోల బియ్యం బస్తాను ఎత్తి పట్టుకునేంత. 2023లో అమెరికా నాసా సంస్థ నేల మీద 251 సెకన్లు నడిపింది. అందులో వచ్చిన బలం 50 బస్తాలకు మించినది.

6. ఇంకా మిగిలిన పని

ఇంత వేడికి లోహం తట్టుకోవాలి. విమానం వేగం మారుతూ ఉంటే అల కూడా నిలబడాలి. నిమిషాలు, గంటలు నడవాలి. ఇంకో సంగతి కూడా మరువకూడదు. ఇంత వేగం మీద క్షిపణులు చేసేవారి కన్ను కూడా ఉంది. గనుల్లో ప్రాణాలు కాపాడాలని మొదలైన విద్యను ఎటు నడపాలన్నది చదువుకున్నవాళ్ళు ఆలోచించవలసిన ప్రశ్న.

హెచ్చరిక: గ్యాసు, టపాకాయ మందుతో ఎవరూ ప్రయోగాలు చేయరాదు. వాగులో రాయి దగ్గర అలను చూడండి, అది చాలు. వాగు ఉధృతంగా ఉంటే ఒడ్డు నుంచే చూడండి.

ప్రశ్నలు (జవాబులు రాసి సైన్సు మాస్టారుకు చూపించండి)

1. మంటకూ పేలుడు అలకూ తేడా ఏమిటి?
2. అల వేగం సెకనుకు 1,500 మీటర్లు, గాలి వేగం 3,000 మీటర్లు. అల కోణం ఎంత?
3. గాలి వేగం 1,400కు తగ్గితే ఏమవుతుంది? ఎందుకు?