ప్రహ్లాద బడి నేర్పే పాఠం

అహోబిలంలో నవనారసింహులను సేవించే భక్తులు ‘ప్రహ్లాద బడి’ అనే గుహను కూడా దర్శిస్తారు. బిడ్డలతో వచ్చే తల్లిదండ్రులకు భాగవత సప్తమ స్కంధంలోని ఒక ఘట్టాన్ని మనవి చేస్తున్నాను.

గురువులైన చండామర్కులు గృహకృత్యాలలో ఉన్నప్పుడు, తోటి దైత్యబాలురు ప్రహ్లాదుని ఆటకు పిలిచారు. ఆ బాలుడు వారి మెప్పుకోసం తన భక్తిని దాచుకోలేదు. భక్తుడనన్న గర్వంతో వారిని ఈసడించనూ లేదు. నవ్వుతూ, దయతో, మృదువుగా మాట్లాడాడు. వారు ఆటవస్తువులను విడిచి అతని మాటలు విన్నారు.

నేడు ఆరేడు తరగతుల పిల్లలు కొందరు, స్నేహితులు నవ్వుతారని నుదుటి నామాన్ని బడి వాకిటనే తుడుచుకుంటారు. అట్టి బిడ్డను గద్దించకండి. కోపంతో కుమారుని మార్చబూనినవాడు హిరణ్యకశిపుడు. ఈ గుహ ముందు కూర్చోబెట్టుకొని, ప్రహ్లాదుని స్నేహం ఎట్టిదో చెప్పండి.