ఊరి గాలి – ఊపిరి ఆరోగ్యం : బస్సు, రైలు చేయు మేలు

ఒకరికి జబ్బు చేసినప్పుడు వారి ఆహార విహారాలలో లోపాన్ని వెదకుతాము. కాని వేర్వేరు ప్రకృతులు గలవారు, వేర్వేరు ఆహారం తినువారు ఒకే ఊరిలో ఒకేసారి వ్యాధిగ్రస్తులైతే కారణాన్ని ఎక్కడ వెదకవలెను? చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం, ‘జనపదోద్ధ్వంసనీయం’, ఈ ప్రశ్నకే సమాధానం చెప్పుచున్నది. వాయువు, జలం, దేశం, కాలం – ఈ నాలుగూ అందరికీ ఉమ్మడి. ఇవి చెడినచో జనపదమంతయు చెడును. దుర్గంధం, ఆవిరి, ఇసుక, ధూళి, పొగలతో కూడిన గాలి చెడిన గాలియని ఆత్రేయుడు అగ్నివేశునకు బోధించెను. శ్వాసరోగ కారణాలలోనూ ధూళి, పొగలను చరకుడు పేర్కొన్నాడు.

మనం పీలుస్తున్నది ఏమిటి?

వాహనాల పొగలోని అతి సూక్ష్మ రేణువులు రెండున్నర మైక్రాన్ల కంటె చిన్నవి. తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యవ వంతు. ముక్కులోని వెంట్రుకలు, శ్లేష్మపు పొర వీటిని పూర్తిగా ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల లోతులకు చేరి ఉబ్బసాన్ని, గుండెజబ్బులను పెంచుతాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో ప్రకటించినది. ఘనపు మీటరు గాలిలో ఈ రేణువుల వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే.

తెనాలి లెక్క

మూడు కాలువలు పారు తెనాలిలో గాలికేమి కొరత అని అనుకొనరాదు. శీతకాలపు ఉదయాలలో చల్లని గాలి నేలను అంటిపెట్టుకొని ఉండుటచే పొగ పైకి పోక మనం పీల్చు ఎత్తులోనే నిలుచును.

తెనాలి నుండి గుంటూరు సుమారు 25 కిలోమీటర్లు. యాభైమంది అక్కడికి పోవలెనని అనుకొందము. లీటరుకు ఐదు కిలోమీటర్లు నడచు బస్సుకు ఐదు లీటర్ల డీజిల్ చాలును. అదే యాభైమంది ఒక్కొక్కరుగా, లీటరుకు యాభై కిలోమీటర్లు పోవు స్కూటర్లపై బయలుదేరిన 25 లీటర్ల పెట్రోలు కావలెను. కారుకు నలుగురు చొప్పున 13 కార్లు పోయినను, లీటరుకు పదిహేను కిలోమీటర్లు వేసుకొంటే సుమారు 22 లీటర్లు. ఇక విద్యుత్ రైలు దారిపొడవునా పొగ విడువదు. తెనాలి జంక్షను నుండి విజయవాడ, గుంటూరు, రేపల్లెలకు రైలు మార్గాలు ఉండుట మనకు దొరికిన వరమే.

అయితే పాత డీజిల్ బస్సు విడుచు మసి కూడ తక్కువైనది కాదు. అందుచేత బస్సు ఉన్నంత మాత్రాన చాలదు, మంచి బస్సు కావలెను. 2020 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనాలకు బి.ఎస్.6 ప్రమాణాలు తప్పనిసరి అయినవి. ఢిల్లీలో 1998 నాటి సుప్రీంకోర్టు ఆదేశాన్ని అనుసరించి 2002 చివరికి సిటీ బస్సులు సి.ఎన్.జి.కి మారినవి. అయినను ఆ నగరపు గాలి నేటికీ బాగుపడలేదు. ఇతర కారణాలతోపాటు సొంత వాహనాలు పెరుగుట అందుకొక కారణం. బస్సును బాగుచేసి, జనం దానిని ఎక్కకపోతే ఫలం సగమే.

గృహస్థులు పాటించవలసినవి

1. నడచిపోగల దూరంలో పాఠశాల ఉన్నచో పిల్లలను పెద్ద రోడ్డున కాక లోపలి వీధుల గుండా నడిపించండి. పిల్లలు పెద్దలకంటె వేగంగా ఊపిరి తీస్తారు. వారి ఊపిరితిత్తులు ఇంకను ఎదుగుచుండును.

2. బడి ఆటో నల్లని పొగ విడుచుచున్నదేమో చూడండి. పిల్లలు ఎక్కునంతసేపు ఇంజను ఆపుమని చెప్పండి.

3. బస్టాండులో పొగగొట్టం వెనుక నిలువకండి. మంచుపట్టిన వేకువలో రద్దీ రోడ్డు పక్కన వ్యాహ్యాళి మానండి.

4. బయటికి పోవుటకు ముందు పెద్దలు ఒక చుక్క నువ్వుల నూనెను ముక్కు లోపలి గోడలకు చిటికెన వ్రేలితో రాసుకొనవచ్చును. లోనికి గట్టిగా పీల్చరాదు. జలుబు, జ్వరం ఉన్నవారికి, పసిపిల్లలకు ఇది తగదు.

5. తులసి, అల్లం, మిరియాల కషాయం గొంతు గరగరకు హాయినిచ్చును. కాని ఏ కషాయమూ, బెల్లపు ముక్కా ఊపిరితిత్తులలో దిగిన మసిని కడిగివేయలేవు. ఉబ్బసం ఉన్నవారు వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును ఎట్టి పరిస్థితిలోనూ మానరాదు. ఆయాసంతో మాట తడబడినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవలెను.

చికిత్సను సంగ్రహంగా చెప్పవలెనన్న అది నిదాన పరివర్జనమే, అనగా కారణాన్ని దూరం చేయుటయే అని సుశ్రుతుని మతం. చెడిన గాలికి నిదానం మన వీధిలోనే ఉన్నది. వారంలో రెండు రోజులైనను స్కూటరును ఇంట ఉంచి బస్సు ఎక్కినవారు తమ బిడ్డలకే కాక పొరుగింటి బిడ్డలకు కూడ వైద్యం చేసినవారగుదురు.