ఇండ్ల నడుమనున్న చోటు ఎవరిది?

ఇండ్లు కట్టినంతమాత్రమున ఊరు ఏర్పడదు. గడపకును గడపకును నడుమనున్న చోట పదిమందియు కలిసినపుడే అది ఊరగును. మన పెద్దలు ఈ సంగతి నెరిగినవారు. అందుచేతనే వీధివైపున అరుగు కట్టిరి. చెట్టు నీడను రచ్చబండ వేసిరి. ప్రభుత్వము కట్టించు కాలనీలలో ఈ చోటును గూర్చి పంచాయతీ సభ్యులమగు మనము ముందుగా ఆలోచింపవలెను.

సిద్దిపేట పట్టణమున నర్సాపూరువద్ద పేదలకొరకు 2,460 రెండు పడకగదుల ఇండ్లు నిర్మింపబడినవి. 2020 డిసెంబరు 10న అచట గృహప్రవేశములు జరిగినవి. అవి మూడంతస్తుల కట్టడములగుటచే మెట్లును, ముందరి ఖాళీస్థలమును పలు కుటుంబములకు ఉమ్మడి. తన ఇల్లు తాను ఊడ్చుకొనుట ఎవరికైనను తెలియును. మరి మెట్లు ఊడ్చువారెవరు? మెట్లపై దీపము ఆరినచో మార్చువారెవరు?

ఇది మనకొక్కరికే వచ్చిన ప్రశ్న కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున 1950 దశకములో ‘ప్రూయిట్-ఐగో’ అను పేర 11 అంతస్తుల మేడలు 33 కట్టిరి. ఇరువదేండ్లయినను నిండకమున్నే, 1972లో, వానిని కూల్చుట మొదలైనది. నిర్వహణకు ధనము చాలకపోవుట మొదలుగా కారణములు పెక్కు కలవు. అయితే ఆస్కార్ న్యూమన్ అను వాస్తుశిల్పి అచట ఒక విశేషమును గమనించెను. రెండు కుటుంబములకు ఉమ్మడియైన తావు శుభ్రముగా నుండెను. 20 కుటుంబములు పంచుకొను నడవలును, 150 కుటుంబములు వాడు మెట్లును పాడుపడెను. మనుష్యులు ఒక్కటే, పంచుకొనువారి సంఖ్యయే వేరు. అందరిదైన చోటు ఎవరిదియు కాకుండ పోయెను.

గ్రామములలో ఇండ్లు ఒక్క అంతస్తువైనను సూత్రమిదియే. కావున ఈ క్రింది పనులు చేయదగును.

1. కాలనీ పటము ఖాయము కాకమునుపే గ్రామసభలో చూపవలెను. స్త్రీలను, వృద్ధులను ముందుగా అడుగవలెను.

2. ఊరి చివర ఒక మైదానము విడిచి సరిపెట్టరాదు. ఎనిమిది, పది ఇండ్లకొక చిన్న ముంగిలి యుండవలెను. తలుపు తీయగానే అది కనబడవలెను.

3. అందొక వేపచెట్టు, కూర్చొనుటకు రాతిబండలు, కొళాయివద్ద ఇంకుడుగుంత యుండవలెను.

4. ఊడ్చుటకు వంతులు, దీపమునకు కొద్దిపాటి ఉమ్మడి నిధి ఆ ఇండ్లవారే ఏర్పరచుకొనవలెను. ఇదివరకే కట్టిన కాలనీలలోను ఈ పని నేడే ఆరంభింపవచ్చును.

ఉపేక్షించిన ఖాళీస్థలము కొలదికాలములోనే పెంటకుప్పయో, ఆక్రమణయో యగును. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. పొద్దువాలిన వేళ బయటికి వచ్చి నలుగురితో కూర్చొనుటకు తావు లేనిచో, పక్కా ఇల్లు దొరకిన ముదుసలికి ఆ ఇల్లే ఒంటరి గదియగును. ఇల్లు ఇచ్చునది ప్రభుత్వము. ఇరుగుపొరుగును నిలుపుకొనవలసినవారము మనము.